వయ్యారిభామ పీకిన చోట ఆకుకూరల మడులు

ప్రభుత్వ దవాఖానాల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ గర్భిణులకు రోజూ చెప్పిన మాట ఒకటే: ఐరన్ మాత్రలు మరవకండి, ఆకుకూరలు తినండి. మాత్రలు మా దగ్గర ఉండేవి కాబట్టి చేతిలో పెట్టి పంపేవాళ్లం. ఆకుకూర మాత్రం మాట దగ్గరే ఆగిపోయేది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. వార్డులో పనిచేసినవాళ్లకు ఆ లెక్క కాగితంలో చూడాల్సిన పని లేదు. కంటి కింది రెప్ప లాగి చూస్తే చాలు, ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి కనిపిస్తుంది. రిటైరయ్యాక మా కాలనీలో అందరం కలిసి వేసిన ఆకుకూరల తోట గురించి ఇప్పుడు చెబుతాను.

మేముండేది హైదరాబాద్‌కు తూర్పున, ఉప్పల్ దాటాక. ఈ పక్క ఆకుకూరలకు కొదవ లేదు. సాయంత్రమైతే ఏ సందు చివర చూసినా బండి మీద పాలకూర, తోటకూర, కొత్తిమీర కట్టలు. కానీ అందులో కొంత మూసీ ఒడ్డున, నగరం మురుగు కలిసిన నీళ్లతో పండుతుందని ఇక్కడివాళ్లందరికీ తెలుసు. ఆ రైతులను అనడానికేమీ లేదు, వాళ్ల చేల పక్క పారేది ఆ నీరే. అయితే మా కాలనీలో చాలా ఇళ్లలో ఆ అనుమానంతో ఆకుకూర కొనడమే తగ్గించేశారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లు రోజుకు కూరగాయలు, పండ్లు కలిపి అర కిలో తినాలని చెబుతుంది. మా వీధిలో నేను చూసిన పళ్లేలలో అన్నం కుప్ప, దాని పక్కన పప్పు, ఒక పచ్చడి. కూర ఉంటే గరిటెడు.

కాలనీ మధ్యలో, లేఅవుట్ వేసినప్పుడు పార్కు కోసం వదిలిన జాగా ఒకటుంది. పార్కు ఎప్పటికీ రాలేదు. ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లూ మిగిలిన ఇటుక ముక్కలు, కాంక్రీటు పెళ్లలు అక్కడే పోశారు. వాటి మీద నడుం ఎత్తున వయ్యారిభామ పెరిగింది. వానలు పడ్డాక అది పూతకొస్తే చుట్టుపక్కల ఇళ్లలో తుమ్ములు, ఆయాసం, ఒంటి మీద దద్దుర్లు. నా దగ్గరికి నెబులైజర్ కోసం వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆ జాగాకు ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లే. తోట సంగతి తర్వాత, ముందు ఆ కలుపు పోవాలి అని నేను కాలనీ సంక్షేమ సంఘం మీటింగులో అడిగాను. పీకాక ఖాళీగా వదిలితే రెండు వానలకు మళ్లీ వస్తుంది కాబట్టి ఏదో ఒకటి పెంచాలి, ఆ పెంచేదేదో తినేది పెంచుదాం అన్నాను. 

అప్పటికే మా వైపు మిద్దెతోటల గురించి తెలియనివాళ్లు లేరు. నారపల్లిలో తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు ఇంటి మీద ఇటుకల మడులు కట్టి, ఇంటికి కావలసిన కూరగాయలు పండించుకోవడం చూసి ఎన్నో కుటుంబాలు మొదలుపెట్టాయి. మా కాలనీలోనూ ఇద్దరు ముగ్గురు మిద్దె మీద పెంచుతున్నారు. కానీ మిద్దెతోట మిద్దె ఉన్నవాళ్లది. అపార్టుమెంటులో అద్దెకున్నవాళ్లకు, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని పెద్దవాళ్లకు, వాచ్‌మన్ గదుల్లో ఉన్నవాళ్లకు అది అందదు. నేల మీద అందరికీ కలిపి ఉండాలని నేను పట్టుబట్టింది అందుకే.

స్థలం మున్సిపాలిటీ అధీనంలోది కాబట్టి సంఘం తరఫున అర్జీ పెట్టి, పక్కా కట్టడాలేవీ కట్టబోమని, గేటుకు తాళం వేయబోమని రాసిచ్చి అనుమతి తీసుకున్నాం. దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను, కాగితం చేతికొచ్చేదాకా పార పట్టకండి. నోటి మాట మీద మొదలుపెట్టిన తోటను ఎవరైనా ఒక్క ఫిర్యాదుతో ఆపేయగలరు.

వయ్యారిభామ పీకడానికి వాన పడిన మర్నాడు దిగాం. నేల తడిగా ఉంటే వేరుతో సహా వస్తుంది. పూత విచ్చుకోకముందే పీకాలి, లేకపోతే పుప్పొడి, విత్తనం రెండూ మనమే చల్లినట్టవుతుంది. అందరికీ చేతులకు గ్లవుజులు, ముక్కుకు గుడ్డ, పొడుగు చేతుల చొక్కాలు. ఆయాసం ఉన్నవాళ్లను, చర్మం మీద దురద లేచేవాళ్లను నేను దగ్గరికే రానివ్వలేదు. పాత గాజు పెంకులు, తుప్పు మేకులు కాళ్లకు తగిలే చోటు కాబట్టి ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేని వాళ్లందరినీ ముందే బస్తీ దవాఖానాకు పంపాను. పనిలో దిగాక ఇద్దరికి మేకులు గుచ్చుకున్నాయి, ఇద్దరూ టీకా వేయించుకున్నవాళ్లే.

కలుపు పోయాక బయటపడిన నేలను చూసి చాలామంది సంతోషించారు. సంతోషించని మనిషి ఒకామె ఉంది. మా పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య. పాలమూరు నుంచి వచ్చారు. ఊళ్లో ఎకరం మీద కొంత ఉంది, బోర్లు ఎండిపోయి, అప్పు పెరిగి పట్నం చేరారు. ఆమె వంగి గుప్పెడు మట్టి తీసి, వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇది మట్టి గాదమ్మా, ఇల్లు కట్టంగ మిగిలిన సున్నం. దీంట్ల ఇత్తనం ఏస్తే మొలుస్తది గని ఎదగదు" అంది.

నర్సును కాబట్టి పరీక్ష చేయించకుండా ఏదీ నమ్మను. మట్టి నమూనా తీయడానికి ఒక పద్ధతుంది. జాగాలో ఎనిమిది పది చోట్ల పైచెత్త తీసేసి, జానెడు లోతున గుంట తవ్వి, గుంట గోడ వెంబడి పైనుంచి కిందిదాకా పలుచగా చెక్కి తీయాలి. అన్నీ ఒక గుడ్డ మీద పోసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడన ఆరబెట్టి పంపాలి. రాజేంద్రనగర్‌లో పరీక్ష చేయించాం. ఉదజని సూచిక (పీహెచ్) 8 దాటింది. కూరగాయలకు ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య ఉంటే మేలు. సిమెంటు, సున్నం కలిసిన మట్టిలో ఈ సూచిక పెరుగుతుంది. అప్పుడు నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపు తిరుగుతాయి. మొక్కకు వచ్చే రక్తహీనత అన్నమాట. ఆమె గుప్పెట్లో పట్టుకుని చెప్పిందీ, కాగితం మీద వచ్చిందీ ఒకటే. ఆ రోజు నుంచి తోటలో ఆమె మాటే మాకు ఆధారం.

"ముందుగాల జీలుగ సల్లుండ్రి. పూతకొచ్చేటప్పుడు కోసి మట్ల కలిపితే నేల మెత్తగైతది" అని ఆమె చెప్పింది. జీలుగ చౌడు నేలలను కూడా తట్టుకుని పెరిగే పచ్చిరొట్ట పంట. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో పట్టి పెడుతుంది. వానాకాలానికి ముందు రైతులు కొనే విత్తనమే. పెద్ద పెద్ద పెళ్లలన్నీ ఏరి ట్రాక్టరులో పంపించి, తొలకరికి జీలుగ చల్లాం. మంచి వానలు పడ్డాయి, నెలా పదిహేను రోజులకు ఛాతీ ఎత్తు వచ్చింది. దాన్ని ముక్కలుగా కోసి నేలలో కలిపి, కుళ్లడానికి రెండు మూడు వారాలు వదిలాం. 

ఈ దశలోనే చాలా కాలనీ తోటలు చచ్చిపోతాయి. జనం వచ్చింది టమాటా చూడటానికి. నెలల తరబడి జీలుగను చూడమంటే విసుగొస్తుంది. వచ్చిన ఉత్సాహం జారిపోకుండా మేం అప్పుడే ఒక పక్క ఇటుకలతో మోకాలెత్తు మడులు కట్టి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపి, వాటిలో మెంతులు, తోటకూర వేశాం. మడిలో మట్టి కొత్తది కాబట్టి మూడు నాలుగు వారాలకే కోతకొచ్చింది. ఆ మడుల గట్లు కాస్త వెడల్పుగా కట్టించాం, పెద్దవాళ్లు గట్టు మీద కూర్చునే కలుపు తీయగలిగేలా. వంగలేనివాళ్లకు తోటలో పని ఉండాలంటే నేలే పైకి రావాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఈ గట్ల గురించే.

రోడ్డు వైపు ఆకుకూర వేయలేదు. బండ్ల పొగ, దుమ్ము ఆకుల మీద పేరుకుంటాయి. అటుపక్క దట్టంగా మందార, నందివర్ధనం కంచె పెట్టి, కంచె లోపల పండ్ల మొక్కలు నాటాం. ఆకుకూరలన్నీ లోపలికి జరిపాం.

ఎరువుకు కాలనీ వంటిళ్లే సరిపోతాయని లెక్క వేశాం, కానీ తడి చెత్త ఒక్కటే వేస్తే కంపు కొడుతుంది, పురుగు పడుతుంది. దానికి రెండింతలు ఎండుటాకు కావాలి. మా వీధుల నిండా కానుగ, వేప, రావి చెట్లు. మాఘం, ఫాల్గుణం వస్తే కుప్పలుగా రాలుతాయి, రాలినవన్నీ పొద్దున్నే వీధి మూలల్లో తగలబెట్టేవాళ్లు. ఆ పొగలో నడక చేసే పెద్దవాళ్లను చూసి నాకు ఎప్పుడూ మనసు పీకేది. పారిశుద్ధ్య కార్మికులతో మాట్లాడి, ఆకు ఎక్కడా కాల్చకుండా తోట గేటు దగ్గర పోసేలా ఒప్పించాం. వాళ్లకు దూరం తగ్గింది, మాకు ఎరువు దొరికింది, వీధిలో పొగ పోయింది. చిల్లులు పెట్టిన సిమెంటు రింగుల్లో ఒక పొర తడి చెత్త, రెండు పొరల ఆకు, మధ్యలో పుల్ల మజ్జిగ చిలకరించి మూత పెడతాం. లోపల చేయి పెట్టలేనంత వేడి పుడుతుంది, ఆ వేడికే కలుపు విత్తనాలు, రోగక్రిములు చాలావరకు చస్తాయి. కుళ్లు వాసన వచ్చిందంటే తడి ఎక్కువైనట్టు, ఆకు వేసి తిరగేయాలి. మొదట్లో బకెట్లలో డైపర్లు, ప్యాడ్లు కూడా వచ్చాయి. ఆ ఇళ్లకు నేనే వెళ్లి, అవి తాకే చేతులు ఎవరివో, ఏ జబ్బులు అంటుకుంటాయో కూర్చోబెట్టి చెప్పాను. నర్సు చెబితే వింటారు. తర్వాత రాలేదు.

తోటలో అసలైన పెద్ద చర్చ పంట గురించి కాదు, ఆ వాచ్‌మన్ భార్య జీతం గురించి. ఏ విత్తనం ఎప్పుడు వేయాలో, తోటకూర విత్తనం అంత సన్నగా ఉంటే ఇసుకలో కలిపి ఎలా చల్లాలో, పేనుబంక పట్టిన చిక్కుడు మీద మంచు ఆరకముందే బూడిద ఎందుకు చల్లాలో, అన్నీ ఆమె చెబుతోంది. పొద్దున మేం వెళ్లిపోయాక మిగిలిన పనంతా ఆమే చేస్తోంది. సంఘం మీటింగులో కొందరు, "ఇక్కడే ఉంటుంది కదా, కూరలు తీసుకుపోతుంది కదా, మళ్లీ జీతమెందుకు?" అన్నారు. నాకు చాలా బాధ కలిగింది. ఆకులు ఊడ్చే చేతికి జీతమిస్తున్నప్పుడు, ఆకు పండించే తెలివికి ఎందుకివ్వరు అని అడిగాను. పొద్దున గంట సేపు నీళ్లు పోసి తోట చేస్తున్నామని చెప్పుకునే మనందరిలో పంట పండించి బతికిన మనిషి ఆమె ఒక్కతే అన్నాను. రెండు మీటింగులు పట్టింది. చివరకు నెలకు ఇంత అని సంఘం నుంచి జీతం, తోట బాధ్యురాలిగా రిజిస్టరులో పేరు, సాగు విషయంలో ఆమెదే తుది మాట అని రాసుకున్నాం. ఆ కాగితం రాసిన తర్వాతే తోట నిలబడింది. అంతకుముందు ఎవరికి తోచిన విత్తనం వాళ్లు తెచ్చి చల్లేవాళ్లు.

పంపకం ఇలా పెట్టుకున్నాం. బుధవారం, ఆదివారం పొద్దున కోత. మొదట ఆమె ఇంటికి. తర్వాత ఆ వారం పని చేసినవాళ్లకు. దాని తర్వాత నా దగ్గరున్న పేర్ల చీటీ ప్రకారం గర్భిణులు, బాలింతలు ఉన్న ఇళ్లకు, వాళ్లు కాలనీవాళ్లయినా వెనక బస్తీవాళ్లయినా. మిగిలింది కట్టకు కొద్ది ధర పెట్టి అమ్మి, ఆ డబ్బు విత్తనాలకు వాడతాం. ఒకసారి రాత్రికి రాత్రి గోంగూర మడి మొత్తం ఎవరో కోసుకుపోయారు. కెమెరా పెడదాం, తాళం వేద్దాం అని వాదన లేచింది. ఆమె ఒప్పుకోలేదు. గోంగూర కోస్తే మళ్లీ చిగురేస్తుందని, తాళం వేస్తే మాత్రం అవసరమున్నవాళ్లు రావడం మానేస్తారని ఆమె అభిప్రాయం. తాళం వేయలేదు.

ఇక ఆరోగ్యం సంగతి. తోట వల్ల షుగరు తగ్గింది, మోకాళ్ల నొప్పి పోయింది అని మా దగ్గర చాలామంది అంటారు. వాళ్ల మాటను కాదనను, కానీ రాసి పెట్టని మాటను నేను రుజువుగా చెప్పను. రుజువు కోసం చూస్తే, అమెరికాలో డెన్వర్ ప్రాంతంలో 291 మంది మీద చేసిన అధ్యయనం ఒకటి 2023లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చింది. సగం మందికి సామూహిక తోటలో మడి ఇచ్చి, మిగతా సగాన్ని ఏడాది ఆగమన్నారు. మడి దొరికినవాళ్లు రెండోవాళ్ల కంటే రోజుకు 1.4 గ్రాముల పీచు ఎక్కువ తిన్నారు, వారానికి 42 నిమిషాలు ఎక్కువ ఒళ్లు కదిలించారు, ఆందోళన, ఒత్తిడి కూడా వాళ్లలో ఎక్కువగా తగ్గాయి. అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి. జీవితాంతం మనుషుల చేత నాలుగడుగులు ఎక్కువ వేయించడానికి, ఒక ముద్ద కూర ఎక్కువ తినిపించడానికి తిప్పలు పడిన నాకు అవి చిన్నవి కావు.

మా దగ్గర నేను కళ్లారా చూసింది చెబుతాను. ఆదివారం కోత అయ్యాక గట్టు మీద కూర్చుని బీపీ చూడటం మొదలుపెట్టాను. దవాఖానాకు రమ్మంటే రానివాళ్లు, కొత్తిమీర కోసం వచ్చి చేయి చాపారు. నలభై ఏళ్లు కూడా నిండని ఒక ఆటో డ్రైవరు తమ్ముడికి, ఇద్దరు ఇల్లాళ్లకు బాగా ఎక్కువున్నట్టు అక్కడే తెలిసింది. ముగ్గురికీ ముందెప్పుడూ చూపించుకున్న గుర్తు లేదు. ముగ్గురూ ఇప్పుడు మందు వాడుతున్నారు. ఇది బెండకాయ చేసిన మేలు కాదు, జనం వారం వారం ఒక చోటికి రావడం చేసిన మేలు.

భార్య పోయాక గుమ్మం దాటని ఆర్టీసీ రిటైర్డ్ డ్రైవరు ఒకాయన ఉన్నారు. మేమంతా బాబాయి అంటాం. కొడుకు కోడలు ఉద్యోగాలకు పోతే రోజంతా టీవీ ముందు. అన్నం సరిగా తినేవారు కాదు. ఆయనకు ఊరికే రమ్మని చెబితే రారని, పొద్దున ఆరింటికి మోటారు వేసే పని అప్పగించాం. మోటారు వేయకపోతే మడులు ఎండిపోతాయి, ఎండితే పదిమంది అడుగుతారు. ఆయన వచ్చారు. ఇప్పుడు పాలకూర మడి పూర్తిగా ఆయనదే, దాని దగ్గరికి ఇంకొకరు వస్తే ఊరుకోరు. ఒంటరితనానికి మందు రాయమంటే ఏ డాక్టరూ రాయలేడు. ఒక పని, ఆ పని కోసం ఎదురుచూసే మనుషులు ఉంటే ఏమవుతుందో నేను ఆయనలో చూశాను.

ఆకుకూర కట్ట ఇచ్చేటప్పుడు నాలుగు మాటలు కూడా కలిపి ఇస్తాను. ఆకుకూరలోని ఇనుము మాంసంలోని ఇనుములా తేలిగ్గా ఒంటికి పట్టదు. కూర దించాక నిమ్మకాయ పిండండి, లేదా భోజనంలో ఒక జామ ముక్క తినండి. తిన్న వెంటనే టీ తాగకండి, ఓ గంట ఆగండి. ఆకుకూర తింటున్నాం కదా అని ఐరన్ మాత్ర ఆపకండి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర తగ్గించండి. గుండె వాల్వు ఆపరేషన్ అయి వార్ఫరిన్ వాడుతున్నవాళ్లు ఆకుకూరలు ఒక వారం విపరీతంగా, ఒక వారం అసలు లేకుండా తినకూడదు, అందులోని విటమిన్ కె మందు పనిని మారుస్తుంది. రోజూ ఒకే మోతాదులో తింటూ డాక్టరుకు చెప్పాలి. ఇవన్నీ దవాఖానాలో కూడా చెప్పేదాన్ని. కూర చేతిలో ఉన్నప్పుడు చెబితే గుర్తుంటాయి.

నీళ్ల గురించి రాయకపోతే తప్పవుతుంది, ఎందుకంటే తోట ఆరోగ్యం ఇచ్చినట్టే జబ్బూ తేగలదు. డెంగీ దోమ మురుగులో కాదు, మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. డ్రమ్ములో, కుండీ కింది పళ్లెంలో, పారేసిన కొబ్బరి చిప్పలో నిలిచిన నీరు చాలు, వారం పది రోజుల్లో గుడ్డు దోమై ఎగురుతుంది. 2020లో ప్రభుత్వం ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని పిలుపునిచ్చింది గుర్తుందా, ఎవరింట్లో నిలిచిన నీళ్లు వాళ్లు పారబోసుకోవాలని. అది అందరూ మరిచిపోయారు గాని మా తోటలో ఇప్పటికీ నడుస్తోంది. పిల్లలకు అప్పగించాం. నీళ్లు పట్టే ప్రతి డ్రమ్ము మీద వల గుడ్డ కట్టి ఉంటుంది. కుండీల కింద పళ్లేలు పెట్టనివ్వం.

వేసవి కష్టంగానే ఉంటుంది. బోరు సన్నబడుతుంది. మా అనుభవంలో ఏప్రిల్, మే నెలల్లో కొత్తిమీర, పాలకూర కోసం పట్టుబట్టకూడదు. యాభై శాతం నీడనిచ్చే పచ్చ వల కింద తోటకూర వస్తుంది. బచ్చలి, పొన్నగంటి, గంగవాయిలి ఎండకు ఓర్చుకుంటాయి. ముఖ్యంగా గంగవాయిలి. పట్నంలో పెరిగిన కోడళ్లు దాన్ని కలుపనుకుని పీకి పడేస్తుంటే వాచ్‌మన్ భార్య ఏరి పప్పులో వేసి వండి తెచ్చి పెట్టింది. ఇప్పుడు దాని కోసమే వచ్చేవాళ్లున్నారు. మడుల్లో ఎండుటాకు మందంగా పరిస్తే నీళ్లు బాగా ఆదా అవుతాయి. బట్టలు ఉతికిన సబ్బు నీళ్లు మాత్రం ఆకుకూరలకు పోయనివ్వలేదు, ఎంత అడిగినా.

కోతుల సమస్యకు మా దగ్గర పరిష్కారం లేదు. టమాటా, చిక్కుడు బతకనివ్వవు. అందుకే నేల మడుల్లో ఆకుకూరలు పెంచి, కాయగూరల్లో వంగ, మిరప, బెండ వరకే సరిపెట్టుకున్నాం. బెండకు తెల్లదోమ వల్ల పల్లాకు తెగులు వస్తుంది, వచ్చిన మొక్కను వెంటనే పీకేస్తాం, పసుపు రంగు జిగురు అట్టలు కడతాం. వంగ మడుల చుట్టూ బంతి వేయమని ఆమె చెప్పింది, వేరును పట్టే నులిపురుగులు బంతి ఉన్న చోట తగ్గుతాయి. ఆ బంతి సరిగ్గా బతుకమ్మకు విరగబూసింది. కంచె వెంట తనంతట మొలిచిన గునుగును ఆమె పీకనివ్వలేదు, ఎందుకో మాకు అప్పుడు అర్థమైంది. తంగేడు మాత్రం బయటి నుంచి తెచ్చుకున్నాం. ఆ ఏడు బతుకమ్మను తోటలోనే పేర్చి, అక్కడే ఆడాం. వెనక బస్తీ ఆడవాళ్లు మా కాలనీ బతుకమ్మకు రావడం అదే మొదటిసారి. పక్క పక్క మడుల్లో కలుపు తీసినవాళ్లు చప్పట్లలో మాత్రం వేరేగా ఎలా నిలబడతారు?

ఎంత పండుతుందని అందరూ అడుగుతారు. కాలనీ అంతటికీ సరిపడా పండదు, పండాలని మేం అనుకోలేదు కూడా. ఇంటింటికీ వారానికి రెండు పూటల ఆకుకూర, చీటీలో ఉన్న గర్భిణుల ఇళ్లకు అంతకంటే కాస్త ఎక్కువ. మిగతాదంతా రైతుబజారుదే. కానీ నేను గమనించినదేమంటే, తోటలో కోసిన కూర రుచి తెలిసిన ఇళ్లు బయట కూడా ఆకుకూర కొనడం మళ్లీ మొదలుపెట్టాయి. ఉప్పు నీళ్లలో నానబెట్టి, రెండు మూడు నీళ్లలో కడిగి వండుకుంటున్నారు. భయం తగ్గి జాగ్రత్త పెరిగింది. నేను కోరుకున్నదీ అదే.

ఈ మధ్య బస్తీలోని అంగన్‌వాడీ టీచరు వచ్చి, తమ కేంద్రం వెనక చిన్న జాగా ఉంది, పిల్లలకు వండే పప్పులో వేయడానికి మునగ, తోటకూర పెంచిపెడతారా అని అడిగింది. మా తోట చూసే వాచ్‌మన్ భార్యను తీసుకుని వెళ్లి చూశాం. అక్కడా కట్టడం మిగిలిన పెళ్లలే ఉన్నాయి. ఆమె మళ్లీ గుప్పెడు తీసి నలిపింది, నేను మళ్లీ నమూనా తీసి పంపాను. ఫలితం ఇంకా రాలేదు. ఏమొచ్చినా ఈసారి తొలకరికి అక్కడ జీలుగ చల్లుతాం. దానికి కావలసిన విత్తనం కొని సంచిలో ఉంచాం. మునగ మాత్రం నేల మీద ఆధారపడకుండా ఇప్పటి నుంచే పెద్ద సంచుల్లో నారు పెంచుతోంది ఆమె. అంగన్‌వాడీలో చేసే పనికి కూడా ఆమెకు విడిగా కూలి కట్టివ్వాలని సంఘానికి రాసిచ్చాను, వచ్చే మీటింగులో అది మొదటి అంశం.